బెదరిన కుక్క యెదుట

మన యూళ్ళలో వీధిని పోవు మనుష్యుడు ఏ కారణముచేతనైనను నేలకు వంగినయెడల, పదిగజముల దూరములో పండుకొనియున్న కుక్క చటుక్కున లేచి, తోక ముడుచుకొని పరుగెత్తును. అతడు వంగినది జారిన చెప్పు సరిచేసికొనుటకు గావచ్చును, పడిపోయిన నాణెమును తీసికొనుటకు గావచ్చును. చేతిలో రాయి లేదు, మనసులో రాయి విసరవలెనన్న తలంపును లేదు. అయినను ఆ కుక్క నిలిచి విచారింపదు. వంగిన మనుష్యుని వెనుక లేచు చేయి, లేచిన చేతి వెనుక వచ్చు రాయి, రాయి వెనుక వచ్చు నొప్పి, ఈ మూడును దాని దేహమునకు కంఠస్థములై యున్నవి. మన పిల్లలును అక్షరాభ్యాసమునకు పూర్వమే ఈ విద్య నేర్చుకొందురు. కుక్క వెంటబడినప్పుడు రాయి దొరకకపోయినను వంగినట్లు నటించిన చాలునని పెద్దలే చెప్పుదురు. సహస్రవర్షములుగా మన గడపలయొద్ద మెలగిన ప్రాణికిని మనకును నడుమ, ఇరుపక్షములకును ఇంత స్పష్టముగా అర్థమగు సంభాషణ మరియొకటి మిగిలియున్నదా యని తలచినప్పుడెల్ల నాకు మిక్కిలి వ్యథ కలుగును.

దీపావళి వెళ్ళిన మరునాటి యుదయమున రైలుస్టేషనులలోనికి వెళ్ళి చూచినచో, అంతకుముందు అచట లేని కుక్కలు కొన్ని కనబడును. ఇందులో వింత లేదు. మనుష్యుని చెవి సెకనుకు 20,000 కంపనములకు మించిన ధ్వనిని గ్రహింపజాలదు. కుక్కచెవి సుమారు 45,000 వరకును గ్రహించును. మనకు వినరాని సన్నని సవ్వడి సైతము దానికి వినవచ్చును. అట్టి చెవిపై ఒక రాత్రియంతయు ఔట్లును లక్ష్మీబాంబులును ప్రేలుచుండగా, ప్రమాదము ఏ దిక్కున నున్నదో తెలియని ఆ జీవి, తానెరిగిన వీధిని, తాను పండుకొను అరుగును, తనకు పిడికెడన్నము పెట్టు ముంగిలిని విడిచి, కాళ్ళు సాగినంత దూరము పరుగెత్తి, పైకప్పును చీకటిమూలయు ఎచట దొరకునో అచట ఒదిగిపోవును. తెల్లవారిన తరువాత తిరిగి పోవలెనన్నను త్రోవలో ప్రతి వీధికిని వేరొక కుక్కలమంద కాపున్నది; దాటి పోనీయదు. అందుచేత ఒక్క రాత్రి భయము దానికి శాశ్వతమైన ప్రవాసమగును.

2025 దీపావళి వెళ్ళిన పిమ్మట సామర్లకోట జంక్షనులో నేను చూచిన రెండు కుక్కలు అట్టివేయై యుండును. పైవంతెన మెట్ల క్రింద, మంచినీళ్ళ కుళాయిల వెనుక, ఒకదానినొకటి అంటుకొని అవి నక్కియుండెను. ఒకటి వయసు ముదిరిన ఎఱ్ఱకుక్క. రెండవది ఇంకను పూర్తిగా ఎదుగని తెల్లది. పెద్దది తోకను కడుపుక్రిందికి చుట్టుకొని, చెవులను తలకంటించుకొని, తెల్లగ్రుడ్డు కనబడునట్లు కన్నులను ప్రక్కకు త్రిప్పి చూచుచుండెను. చిన్నది మాటిమాటికి పెదవులు నాకుకొనుచు ఆవులించుచుండెను. చూచువారు కొందరు దానికి నిదుర వచ్చుచున్నదని అనుకొనిరి. అది నిదుర కాదు. ఆపదలో చిక్కిన కుక్క ఆవులించుట, తిండి లేకయే పెదవులు నాకుకొనుట, ముంగాలొకటి పైకెత్తి నిలుచుట, ఇవియెల్ల భయముయొక్క చిహ్నములే. మనము వీటిని చదువ నేర్వకపోవుటచేతనే, అది ఎంత వేడుకొన్నను వినక దగ్గరకు పోయి, తుదకు కరచిన తరువాత, ఏ హెచ్చరికయు లేక కరచినదని దానిని నిందింతుము. అది హెచ్చరించుచునే యుండెను.

రైలు దిగిన కళాశాల విద్యార్థులు కొందరు వాటిని చూచి జాలిగొని, బిస్కత్తు పొట్లము కొనితెచ్చి, నలుగురును నాలుగు ప్రక్కల కూర్చుండి, చేతులు చాచి, ముద్దుమాటలతో పిలువసాగిరి. వారి కరుణ నిజమైనది. ఆ వయసున అంతమాత్రపు ఆర్ద్రత గలుగుట నేటికాలమున చిన్న విషయమని నేననుకొనను. కాని ఆ కుక్కల వైపునుండి చూచినచో, తప్పించుకొనుటకున్న నాలుగు దారులును మూసికొనిపోయినవి. ఎనిమిది కన్నులు తమమీదనే నిలిచియున్నవి. తమవైపు చేతులు చాచియున్నవి. భయపడిన జంతువునకు తన్ను తదేకముగా చూచు కన్ను వేటగాని కన్నే. చిన్నది వణకుచు మూత్రము విడిచినది. పెద్దది ఒక్క గెంతున ఆ పిల్లల నడుమనుండి దూకి, ప్లాటుఫారము అంచు దాటి పట్టాలమీదికి పోయినది. ఆ సమయమున ఆ దారిన బండి యేదియు లేకపోవుట మన యదృష్టము. స్టేషనులో బెదరిన కుక్కకు సాయము చేయదలచినవారు అన్నిటికంటె ముందుగా తలచవలసినది ఇదియే: అది మనకు జడిసి పోగల దిక్కు ఏది? ఆ దిక్కున పట్టాలున్నచో, మన దయ దానిని చంపగలదు.

భయపడిన కుక్కను సమీపించు విధము పుస్తకములలో వ్రాసియున్నది: ఎదురుగా నడువక ప్రక్కవాటుగా నడువుమనియు, కన్నులలోనికి చూడవలదనియు, తలపై చేయి పెట్టబోవలదనియు, క్రిందికి కూర్చుండి దేహమును చిన్నదిగా చేసికొనుమనియు. ఇవియెల్ల మంచి మాటలే. కాని రాళ్ళు తిని పెరిగిన మన వీధికుక్క కన్నులయెదుట కూర్చుండుటకు వంగినమాత్రముననే దాని ప్రాణములు పైనే పోవునన్న సంగతి ఆ పుస్తకములు వ్రాసినవారికి తెలియదు. మన దేవాలయములలో విగ్రహము చేయెత్తి నిలిచినచో అది భక్తునకు అభయహస్తము. ఆ గుడిమెట్లమీద పండుకొను కుక్కకు ఎత్తిన చేయి రాయి విసరబోవు చేయి. వంగుటయు, చేయి లేపుటయు, ఈ రెండును మనకు నమ్రతకును కరుణకును గురుతులై యుండగా దానికి రెండును దండనకే గురుతులైనవి. కావున మన దేశమున ఈ పని చేయువారు, కుక్క చూడకముందే, చాల దూరముననే, నేలమీద కూర్చుండియుండవలెను. అది తన కన్ను తెరచి చూచునప్పటికి మనము కూర్చున్న మనుష్యులమై యుండవలెనేగాని వంగుచున్న మనుష్యులమై యుండరాదు.

ఈ సూక్ష్మమును నేను తెలిసికొన్నది ఆ ప్లాటుఫారముమీద టీకొట్టు నడపు నడివయసు స్త్రీవలన. ఆమె ఆ కుక్కలను పిలువలేదు. వాటివైపు తిరిగి చూడనైనను లేదు. మధ్యాహ్నపు పాసింజరు వెళ్ళి జనము పలుచబడిన పిమ్మట, అరిటాకు ముక్కమీద పెరుగన్నము పెట్టి, మెట్లకు నాలుగు బారల దూరమున నుంచి, వెనుకకు తిరిగి వచ్చి, తన గిన్నెలు తోముకొనుచు కూర్చుండెడిది. మరునాడును అదే వేళ, అదే చోటు, అదే నడక. నేను ఆ మూలవైపు చూచుచుండుట కనిపెట్టి, "దానికేసి సూడకండి బాబూ. మనం సూత్తే అది తిండి ముట్టదు. ఆకలికంటే దానికి బయమెక్కువ" అన్నది. కొన్నాళ్ళకు ఆకు మెట్లకు దూరముగాను కొట్టునకు దగ్గరగాను జరుగుచు వచ్చినది. ఎంత జరిగినదో ఆ కుక్కలకే తెలియనంత మెల్లగా జరిగినది. తెల్లకుక్క మొదట ఆమె చీరచెంగు వాసన చూచి వెనుదీసినది. మఱికొన్నాళ్ళకు ఆమె మోకాలికి తన దేహమును ఆనించి కూర్చున్నది. అప్పటికిని ఆమె చేయి కదపలేదు. సాయము చేయువానికి అన్నిటికంటె కష్టమైనది ఈ చేయి కదపకుండుటయే యని నా నమ్మకము. మనము చేసిన ఉపకారమునకు ప్రతిగా ఆ ప్రాణి మనలను ప్రేమింపవలెనని, అదియు ఇప్పుడే ప్రేమింపవలెనని, మన చేతులు తొందరపడును.

భయమనునది ఆపద తొలగిన వెంటనే తొలగిపోవునది కాదు. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడు నగరమును వరద ముంచెత్తినప్పుడు, రష్యా శాస్త్రజ్ఞుడైన పావ్లోవు ప్రయోగశాలలోని కుక్కలు బోనులలో చిక్కుకొని, పెరుగుచున్న నీటిపై తలలు నిలుపుకొని ఈదుచుండెను. బోనుల తలుపులు క్రిందుగా నుండుటచే, రక్షింపవచ్చినవారు వాటిని నీటిలోనికి ముంచి వెలుపలికి లాగవలసి వచ్చినదట. అవి బ్రతికినవి. కాని కొన్ని కుక్కలు అంతకుముందు నేర్చిన విద్యలన్నియు మరచిపోయెను. బహుదినములకు కోలుకొన్న పిమ్మటను, గది తలుపు క్రిందనుండి సన్నని నీటిచాలు ప్రవహింపజేయగానే ఆ వరదనాటి కంపమే వాటిని మరల పట్టుకొనెను. శాస్త్రజ్ఞులు దీనినుండి నాడీమండలమును గూర్చి ఎన్నియో విషయములు తెలిసికొనిరి. నా మనసు మాత్రము ఆ బోనుతలుపుదగ్గరనే నిలిచిపోవును: వాటిని కాపాడిన చేయియే వాటిని ముంచిన చేయి. ఆ రెంటికిని గల భేదము మనకు తెలియును. నీటిలో మునిగిన కుక్కకు ఎట్లు తెలియును?

కలకత్తాకు సమీపమున మోహన్‌పూరులోని ఐసర్ అను విజ్ఞానశాస్త్ర సంస్థ పరిశోధకులు మన వీధికుక్కలనే ఏండ్లకొలది పరిశీలించి తెలిపిన సంగతులు రెండు నన్ను కదిలించినవి. అపరిచితుడొకడు పలుమారు వచ్చి తిండి పెట్టినప్పటికంటె తల నిమిరినప్పుడు ఈ కుక్కలు అతనిని ఎక్కువగా నమ్మినవని 2017లో వారు ప్రకటించిరి. ఏ చేతికి అవి ఎక్కువగా భయపడునో ఆ చేతికొరకే ఎక్కువగా అలమటించుచున్నవన్నమాట. రెండవ సంగతి 2016 నాటిది. 95 ఈతలలో పుట్టిన 364 పిల్లలను గమనింపగా, సంతానయోగ్యమైన ఏడవ మాసము చేరునప్పటికి బ్రతికియున్నవి 19 శాతమే. చనిపోయినవానిలో సగమునకు మించినవాని మరణమునకు మనుష్యులే ఏదో విధమున కారకులు. ఈ లెక్కను తలచుకొని మెట్లక్రింది ఎఱ్ఱకుక్కను చూచినప్పుడు నాకు మరియొక తలంపు కలిగినది. తోబుట్టువులలో నలుగురు చావగా మిగిలిన ఆ ఐదవది ఎందుచేత మిగిలినది? భయపడినది కావుననే మిగిలినది. చక్రము చప్పుడునకు జడిసినది, కఱ్ఱను చూచి తప్పుకొన్నది, పిలిచిన ప్రతివానియొద్దకు పోలేదు. తన్ను ఇంతకాలము బ్రతికించిన ఆ యొక్క సంపదను విడిచిపెట్టుమని మనమిప్పుడు దానిని కోరుచున్నాము! కోరుటకు మనకున్న అధికారమెంతయో ముందు ఆలోచింపవలదా? వేలకొలది జనము నడయాడు చోట అందరిని నమ్ము కుక్క ఎన్నిదినములు బ్రతుకును? కనుక దాని భయమునంతను పోగొట్టుట నా దృష్టిలో ఉపకారము కాదు. ఒకరిద్దరు మనుష్యులు, ఒక చోటు, ఒక వేళ, ఇంతవరకే అది నమ్మగలిగినచో చాలును. గాయమునకు మందు పూయుటకును, టీకా వేయించుటకును, ప్రమాదము వచ్చినప్పుడు అచటినుండి తరలించుటకును ఆ కొద్ది నమ్మకమే వలయును.

మహాభారతకథ ఆరంభమున నొక కుక్కపిల్ల యేడ్పు వినబడును. జనమేజయుడు కురుక్షేత్రమున దీర్ఘసత్రము చేయుచుండగా, దేవశునియైన సరమ కొడుకు అచటికి వచ్చినది. రాజు తమ్ములు ముగ్గురు దానిని కొట్టిరి. అది హవిస్సును నాకలేదు, దానివైపు చూడనైన చూడలేదు. తల్లి వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని అడిగినది. వారు బదులు చెప్పలేదు. తప్పు లేనివానిని కొట్టినారు గనుక మీకు కనరాని భయము వచ్చునని ఆమె శపించినది. రోగము రావలెననలేదు, రాజ్యము పోవలెననలేదు. ఏది తన బిడ్డకు పెట్టిరో అదియే వారికి తిరిగి రావలెనన్నది. ఆ మాటను జనమేజయుడు తేలికగా త్రోసివేయక కలతచెంది, దాని శాంతికై తగిన పురోహితుని వెదకికొని ఆశ్రమములకు పోయినాడు. నన్నయభట్టు తెలుగున ఈ కథను చెప్పినాడు. కడపట మహాప్రస్థానమున, తమ్ములును ద్రౌపదియు రాలిపోయిన పిమ్మట వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గరథమెక్కుమని ఇంద్రుడనగా, ధర్మరాజు ఎవరెవరిని విడువరాదో చెప్పుచు భయపడినవానినే మొదట పేర్కొనుటను మూలమునందు చూచి నేను చాలసేపు ఆగిపోతిని. భక్తుడు ఆ తరువాత, ఆర్తుడు ఆ తరువాత. ఆ కుక్క ధర్మదేవతయే యని తరువాత తెలిసినదిగాని, ధర్మరాజు దానిని విడువననునప్పటికి అతని కది కుక్కయే.

ఇంత చెప్పి, బిడ్డలుగల తల్లుల భయమును చెప్పకుండుట అన్యాయమగును. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల పసివానిని కుక్కలు చుట్టుముట్టి చంపినవి. ఆ దృశ్యమును చూచినవారెవ్వరును మరువజాలరు. ఆ తల్లియెదుట నిలిచి భూతదయనుగూర్చి మాటలాడుటకు నాకు నోరు రాదు. రేబిస్ సంగతియు అట్టిదే. లక్షణములు పొడసూపిన పిమ్మట ఆ రోగికి బ్రతుకు దాదాపు లేదు. కుక్క కరచినను, గీరినను, పుండుపై చొంగ పడినను, వెంటనే సబ్బుతో, కారుచున్న నీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను; పసరుమందులను నమ్మి కూర్చుండరాదు. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులన్న పూర్వపు భయము నేటికిని కొందరిని ఆసుపత్రికి పోనీయకున్నది. ఆ పాత మందు మన దేశమున ఇప్పుడు లేదు, నేటి టీకా భుజమునకు కొలదిమార్లు వేయుదురు. నేను చెప్పదలచినది ఒక్కటి: తల్లి భయమును కుక్క భయమును పరస్పరము పగవారు కారు. మూలకు నెట్టబడి వేరు దారిలేని కుక్క కరచును. తరిమి తరిమి బెదరగొట్టిన వీధిలోనే కాట్లు ఎక్కువగును. టీకా వేయవలెనన్నను దానిని పట్టుకొనవలెను. పట్టుకొనుటకు అది ఎవరినో ఒకరిని నమ్మవలెను.

ఈ మూగజీవుల పక్షమున మన చట్టసభలో తొలుత గట్టిగా మాటలాడినది ఒక నర్తకి. అభయహస్తమును రంగస్థలముమీద ఎన్నిమార్లో పట్టిన రుక్మిణీదేవి అరండేలు, రాజ్యసభ సభ్యురాలుగా జంతుహింసా నివారణమునకు బిల్లు ప్రవేశపెట్టినది. ఆమె కృషియే 1960 నాటి చట్టమునకు దారితీసినది. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. పిమ్మట 2001లోను, మరల 2023లోను వచ్చిన నియమములు కుక్కలను చంపక, పట్టి, సంతానము కలుగకుండ శస్త్రచికిత్సయు రేబిస్ టీకాయు చేసి, చెవికొనను చిన్న కోత గురుతుగా పెట్టి, పట్టినచోటనే విడువవలెనన్నవి. ఒక ప్రాంతమునందలి కుక్కలలో 70 శాతమునకు టీకా పడినచో ఆ వ్యాధి వ్యాపించుట నిలిచిపోవునని వైద్యులు చెప్పుదురు. గోవాలో ఇది పట్టుదలతో జరుపగా, మూడేండ్లుగా ఒక్క మనిషియు రేబిస్‌చే మరణింపలేదని 2021లో ఆ రాష్ట్ర ప్రభుత్వము ప్రకటింపగలిగినది. మన యూళ్ళలో జరుగలేదన్నచో, అందుకు ఆ కుక్కలు బాధ్యములు కావు.

ఇప్పుడు సామర్లకోట స్టేషనునకును ఒక దినము రానున్నది. విద్యాలయములు, ఆసుపత్రులు, క్రీడాప్రాంగణములు, బస్సుస్టాండులు, రైల్వేస్టేషనులు, ఈ స్థలములనుండి వీధికుక్కలను తొలగించి, చికిత్సయు టీకాయు చేయించి, తిరిగి అచట విడువక ఆశ్రయములలో నుంచవలెనని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించినది. ఆసుపత్రి మంచములక్రిందను, పసిపిల్లల బడి ముంగిటను కుక్కలు తిరుగరాదనుటలో న్యాయమున్నది. దానిని నేను కాదనను. ఆ ఆశ్రయములు ఎచట నున్నవి, ఎన్ని కుక్కలకు చోటున్నది, అచట వాటిని చూచువారెవరు అను ప్రశ్నలకు బదులు దొరకవలసియున్నది. అది పాలకుల పని. నాకు ఆందోళన కలిగించునది వలతో బండి వచ్చు ఆ అరగంట. కేకలు వేయుచు నలుగురు వలలతో పరుగెత్తినచో ఆ రెండు కుక్కలును ఎటు దూకునో ఇదివరకే చూచితిమి.

కావున స్టేషను అధికారులకును, పురపాలకసంఘమువారికిని నేను చేయు విన్నపమిది. బండి పంపుటకు ముందు దినమే ఆ టీకొట్టు స్త్రీకి కబురు చెప్పవలెను. రెండు బండ్ల నడుమ ప్లాటుఫారము నిర్మానుష్యమైయుండు మధ్యాహ్నవేళనే రావలెను. బోనును గోనెగుడ్డతో కప్పి, లోపల ఆమె పాతచీర ముక్క పరచి, ముందుగానే ఆకు పెట్టు చోటనుంచి, తాము కనబడకుండ దూరమున నిలువవలెను. రెండింటిని ఒకే బోనులో తీసికొనిపోవలెను. ఒకటి లేనిచో రెండవది నిలువదు. తెల్లకుక్క ఆమె వెంట లోనికి నడచి పోవుననియే నా విశ్వాసము. ఎఱ్ఱకుక్క మాట చెప్పజాలను; అది నేటికిని ఆమె చేతిని తాకనీయలేదు, ఆకుమీది అన్నము మాత్రము తినును. ఆ దినము అది రానిచో ఆకును బోనును అచటనే యుంచి, పట్టాలవైపు ఎవ్వరిని పరుగెత్తనీయక, మరునాడు మరల రావలెను.